కుమారి దీవెన

పెద్ద డ్రమ్ము తోలు మీద
ఎర్ర పెయింటుతో రాయించాడు ఖాజావలి మాస్టారు:
న్యూ ప్యారడైజ్ బ్రాస్ బ్యాండ్, సంగడిగుంట, గుంటూరు.
గానం: కుమారి దీవెన.
అప్పటికే ఆమెకు ఇద్దరు పిల్లలు.
"కుమారి అంటేనే బేరం తెగుద్ది" అన్నాడాయన.
ఆ తర్వాత తోలు రెండుసార్లు మార్చారు,
కుమారిని ఎవరూ మార్చలేదు.

నేను పెట్రోమాక్స్ లైటు మోసేవాణ్ణి.
ఆమె వెనక నాలుగడుగుల్లో.
నెత్తిన బరువు, చెవిలో సుయ్యిమనే మంట,
దాని మీదుగా ఆమె పాట.
పంతొమ్మిదేళ్ళలో ఆమె మొహం కంటే
నీడే నాకు బాగా తెలుసు.
నా లైటుకి పుట్టి ముందుకి సాగేది,
క్లారినెట్లవాళ్ళ కాళ్ళ కింద పడి
మళ్ళీ లేచేది.

పగలు యార్డు పక్క గోడౌన్లో
మిరపకాయలకు తొడిమలు తీసేది, కిలోకింతని.
ముక్కుకి గుడ్డ, వేళ్ళకి ఆముదం.
సాయంత్రం కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కుని
నీరుకావి చీర మీద బ్యాండు కోటు తొడిగేది.
బొత్తాలు ఇత్తడివి, భుజాలు మగవాడివి.
కాలరు లోపల
చనిపోయిన ట్రంపెటాయన పేరు, చాకలి గుర్తుతో సహా.

దగ్గు రాకుండా బుగ్గన తాటిబెల్లం, రెండు మిరియాలు.
హారను రిక్షా ముందు పోయేది గనక
ఆమె బ్రాడీపేట రెండో లైనులో ఉండగానే
పాట మూడో లైనులోకి తిరిగేది.
మేడల మీద ఆడవాళ్ళు ముందు పాటని చూసేవాళ్ళు,
తర్వాత ఆమెని చూసి
"ఈవిడేనా?" అనుకునేవాళ్ళు.

మాస్టారు నేర్పింది ఒకటే.
"పాట ఎవరిదోనమ్మా, నడక నీది.
గుర్రం మొరాయిస్తే చరణం సాగదియ్యి.
ఓవర్‌బ్రిడ్జి ఎక్కేప్పుడు ఊపిరి దాచుకో.
పెద్దాసుపత్రి ముందు గొంతు సగం చెయ్యి,
లోపల ఎవరో ఇప్పుడే నిద్రపోయుంటారు."

ఒకసారి బెజవాడ వెళ్ళాం, రేడియో పరీక్షకి.
పాసింజరు బండిని కృష్ణా కెనాల్లో గంట ఆపారు.
ఆమె పెదాలు కదులుతున్నాయి, మాటల్లేవు.
ఆ చల్లటి గదిలో, గోడలకి కూడా దుప్పట్లు కప్పిన గదిలో,
కదలకుండా నిలబడి పాడమన్నారట.
కాలు కదిపింది.
"చప్పుడొస్తోంది" అన్నాడు అద్దం వెనకాయన.
కాలు ఆపింది.
పాట ఆగిపోయింది.
చెప్పులు విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.
ఈసారి గాజులు.
తిరుగు బండిలో, మంగళగిరి దాటాక,
చెరుగ్గడ కొరుకుతూ నవ్వింది:
"నన్ను పాడమన్నారా, ఫొటో దిగమన్నారా?"
రెండు నెలలకి కార్డొచ్చింది. చదివించుకోలేదు.
గోడౌన్లో లెక్కలు రాసుకోడానికి
వెనకవైపు ఖాళీగా ఉందని సంతోషించింది.

తర్వాత మాస్టారు పోయాడు.
ఆయన వెనక శ్మశానం దాకా బ్యాండు నడిచింది,
వాయించకుండా, వరస తప్పకుండా.
ట్యూబాని పట్నం బజారులో
తూకానికి వేశాడు కొడుకు.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళకి సీరియల్ లైట్లు కడుతున్నాను.
ఎవరి వెనకా నడవను.
పోయిన నెల ఆమె ఇంటికెళితే
వీధిలోంచి డీజే బండి పోతోంది.
అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి.
అరచెయ్యి గోడకి ఆనించి
ఆ అదురు కాసేపు పట్టి చూసింది,
జ్వరం చూసినట్టు.
"నడక లేదురా దీనికి.
పాపం, దీన్నీ ఎవరో కదలొద్దన్నట్టున్నారు."

వచ్చేటప్పుడు కోటు నా చేతిలో పెట్టింది.
ఉతకలేదంది, ఉతికితే చిరుగుద్దని.
కుడి జేబు అడుగున
నాలుగు మిరపగింజలు, ఎండిన పొడుం.
రిక్షాలో కూర్చుని, వేళ్ళు దులుపుకుని,
ధ్యాస లేక
కళ్ళు తుడుచుకున్నాను.